కుందేలు చేతిలో తాళంచెవులు

మా పరిశోధనశాల తలుపు మీద ఇప్పటికీ "రెవెన్యూ సెక్షన్" అనే రాసి ఉంది. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు వెళ్ళిపోయినప్పుడు ఫైళ్ళు లారీలెక్కాయి, గుమాస్తాలు రైలెక్కారు, తలుపులు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. ఆ ఖాళీ గదుల్లో రెండింటిని మాకిచ్చారు. ఒక గదిలో మేము, రెండో గదిలో కుందేళ్ళు. కుందేళ్ళ గది గోడలకు కొట్టిన చెక్క అరలు ఫైళ్ళ కోసం చేసినవి. వాటికి ఇనుప జాలీ బిగించి, అరకు ఒకటి చొప్పున ఇరవై నాలుగు కుందేళ్ళను పెట్టాం. పాత చీటీలు కొన్ని అరలకు అంటుకునే ఉన్నాయి. పన్నెండో నంబరు కుందేలు "భూమి శిస్తు, పెండింగు" అనే అరలో ఉండేది.

నేను రాయచోటి వాణ్ణి. బి.ఎస్సీ. అయ్యాక మద్రాసులో ఒక ఏడాది ప్రయోగశాల పని నేర్చుకుని, ఇక్కడ టెక్నీషియనుగా చేరాను. ప్రతిదానికీ పట్టిక రాయడం నాకు అలవాటు. కుందేలు బరువు, తిన్న మేత, గది వేడి, మందు పడిన నిమిషం, ఇవి రాయడం ఉద్యోగం. వీటితో పాటు ఆ రోజు గాలి ఏ వైపు నుంచి వీచిందో కూడా రాసేవాణ్ణి, అది అలవాటు. మా అమ్మ ఒకసారి నా నోటుబుక్కు తిరగేసి, "మా వాడు సంతకు పోతే వంకాయలు మర్చిపోయి వస్తాడు గానీ, సంతలో ఎన్ని వంకాయల అంగళ్ళు ఉండాయో రాసుకోని వస్తాడు" అని పక్కింటావిడకు చెప్పింది.

మా డైరెక్టరు గుంటూరు వైపు డాక్టరు. ఇంగ్లండులో రెండేళ్ళు చదివి వచ్చిన మనిషి. ఆయన పరిశోధనంతా రెండే జబ్బుల మీద. ఒకటి మూర్ఛ. రెండోది ముసలివాళ్ళకు వచ్చే వణుకు జబ్బు, డాక్టర్లు పార్కిన్సన్ జబ్బు అంటారు. "ఒక జబ్బు మనిషిని ఉన్నచోట ఉండనివ్వదు, ఇంకోటి ఉన్నచోటు నుంచి కదలనివ్వదు. రెండింటి తాళమూ మెదడులోనే ఉందయ్యా" అని మొదటి రోజే నాకు చెప్పాడు.

అందుకని కుందేళ్ళను రెండు జట్లుగా విడదీశాం. మొదటి పన్నెండింటికి సూదిమందుతో మూర్ఛ తెప్పిస్తాం. వాటిలో ఆరింటికి ముందుగా మూర్ఛను ఆపే మాత్ర పొడి చేసి తినిపిస్తాం, మిగిలిన ఆరింటికి తినిపించం. ఏ కుందేలు ఎంతసేపు కొట్టుకుందో చూస్తాం. రెండో పన్నెండింటికి సర్పగంధి వేరు నుంచి తీసిన మందు ఇస్తాం. అది పడిన కుందేలు రెప్పలు వాల్చి, వీపు వంచి, ముందర క్యారెట్టు పెట్టినా కదలకుండా కూర్చుంటుంది. వణుకు జబ్బు ముదిరిన ముసలాయన ఎలా కూర్చుంటాడో అలాగే.

ఈ కుందేళ్ళ సంగతి ఊళ్ళో తెలిసి, ఒకరోజు పత్తికొండ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. రెండు చేతులూ వణుకుతున్నాయి. కొడుకు భుజం పట్టుకుని నడిపించుకొచ్చాడు. పెద్దాయన సర్పగంధి కుందేలును చాలాసేపు చూశాడు.

"అచ్చం నా మాదిరే కూసోండాది. దీనికేం మందిస్తాండారో అదే నాకూ ఇయ్యండప్పా" అన్నాడు.

"మందు ఇంకా వెతుకుతున్నాం తాతా. ఇప్పుడిచ్చింది జబ్బు తెప్పించే మందు" అన్నాను.

ఆయనకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆగలేదు. "బాగుండే కుందేలుకు దుడ్లు పెట్టి నా రోగం తెప్పిచ్చినారా? నన్నడిగింటే ఊరకే ఇచ్చేవాణ్ణి గదప్పా!" అని, వణికే చేత్తోనే కుందేలు నెత్తి నిమిరి వెళ్ళిపోయాడు. ఆ రోజు నా నోటుబుక్కులో "సందర్శకులు: ఒకరు. విమర్శ: సరైనదే" అని రాసుకున్నాను.

ఇక మా అటెండరు. బద్వేలు దగ్గర ఒక పల్లెనుంచి వచ్చినాయన. ముప్పై అయిదేళ్ళుంటాయి. పొడుగు మనిషి. కూలి పని చేసుకుంటూ అక్కడి చర్చిలో పాదిరి గారి దగ్గర చదవడం, రాయడం నేర్చుకున్నాడు. కుందేళ్ళకు మేత వేయడం, అరలు కడగడం, ప్రయోగం చేసేటప్పుడు కుందేలు బెదరకుండా దగ్గర నిలబడడం ఆయన పని. గదుల తాళంచెవులన్నీ ఒక ఇనుప కడియానికి గుచ్చి నడుముకు కట్టుకునేవాడు. ఆదివారం మాత్రం తెల్ల చొక్కా వేసుకుని చర్చికి పోయేవాడు. ఆదివారం పనికి రానని చేరినప్పుడే డైరెక్టరుకు చెప్పేశాడు.

ఆయన చేరిన రెండో నెలలో, ఒక పగటిపూట, కుందేళ్ళ గదిలో బకెట్టు పడిన చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే నానబెట్టిన శనగలు గదంతా చిందాయి. వాటి మధ్య అటెండరు పడిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాడు. నేను మూర్ఛ మీద పనిచేసే పరిశోధనశాలలో టెక్నీషియన్ని. చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. గడియారం చూసుకున్నాను. తర్వాత గుర్తొచ్చి, తల నేలకు తగలకుండా నా కండువా మడిచి కింద పెట్టాను.

తేరుకున్నాక ఆయన మొదట అడిగిన మాట, "తాళంచెవులు యాడ సార్?"

"నీ నడుముకే ఉన్నాయప్పా."

"చేతిలో పెట్టలేదా మీరు?"

మా వైపు మూర్ఛ వచ్చినవాళ్ళ చేతిలో ఇనుము పెడతారు. రాయచోటి బజారులో ఎవరైనా పడిపోతే, నీళ్ళ కంటే ముందు తాళంచెవుల కోసమే పరిగెత్తుతారు. నేనూ చిన్నప్పుడు ఒకసారి పరిగెత్తాను. అయితే బి.ఎస్సీ. చదివాను కాబట్టి, "ఇనుముకూ మూర్ఛకూ సంబంధం లేదప్పా, అది దానంతటదే ఆగిపోతుంది" అన్నాను.

"అదంతటదే ఆగేదాన్ని చూస్తా ఊరకుండే కంటే, ఏదో ఒకటి చేస్తే తప్పేముంది సార్?" అన్నాడు. తర్వాత లేచి కూర్చుని, శనగలు ఏరుతూ మెల్లగా అసలు సంగతి చెప్పాడు. మూర్ఛ పదేళ్ళ వయసు నుంచి ఉంది. ఏడాది తిరిగితే ఉద్యోగం పర్మనెంటు చేస్తారు. దానికి ముందు పెద్దాసుపత్రి బోర్డు ముందర నిలబెట్టి కండ్లు, గుండె, రొమ్ము కొలత అన్నీ చూస్తారు. మూర్ఛ అని ఎవరైనా చెప్తే పంపించేస్తారు.

"బద్వేలికి మళ్ళా కూలికి పోవల్ల. పోయినా నన్ను ఎవరు పిలుస్తారు? బాయి దగ్గర ఒకసారి పడినాంక పనికి పిలిచేది మానేసినారు. ఇద్దరు బిడ్లు ఉండారు సార్. మీరు చెప్పొద్దండి."

"చెప్పను. కానీ ఆసుపత్రికి పోయి మాత్రలు తెచ్చుకో."

"ఆసుపత్రిలో చీటీ రాస్తారు. చీటీలో పేరు రాస్తారు. ఆ పేరు మన హెడ్ గుమాస్తా దగ్గరికి నడుచుకోని వస్తుంది."

అది నిజమే. మా హెడ్ గుమాస్తా రాజధానితో పాటు హైదరాబాదు వెళ్ళకుండా మిగిలిపోయిన మనిషి. ఆయన ఫైళ్ళన్నీ లారీల్లో పోయాయి. వరండాలో ఖాళీ బీరువా ముందు కూర్చుని, తెరవడానికి ఒక కొత్త ఫైలు దొరుకుతుందేమోనని ఎదురుచూస్తూ ఉండేవాడు. ఆయన కంటపడకుండా ఏ చీటీ కర్నూలులో ప్రయాణించలేదు.

కాబట్టి మా పరిస్థితి ఇది. మూర్ఛను ఆపే మాత్రల సీసా నా బల్ల మీదే ఉంది. రోజూ ఆరు కుందేళ్ళకు, బరువు తూచి, లెక్క ప్రకారం వేస్తున్నాను. దాని పక్కనే నిలబడి కుందేలు చెవులు పట్టుకున్న మనిషికి వేయడానికి మాత్రం వీల్లేదు. అది కుందేళ్ళ పద్దు. డాక్టరు రాసిస్తే తప్ప మనిషికి ఇవ్వకూడదు. రాసివ్వగలిగిన డాక్టరు పక్క గదిలోనే ఉన్నాడు, ఆయనకు చెప్పనని మాటిచ్చాను.

ప్రయోగాలు మొదలయ్యాయి. కుందేలును చిన్న చెక్కపెట్టెలో కూర్చోబెట్టి, ముందరికాలికి దారం కట్టి, ఆ దారాన్ని ఒక సన్నని పుల్లకు తగిలిస్తాం. పుల్ల మొన గుండ్రంగా తిరిగే డ్రమ్ముకు ఆనుకుని ఉంటుంది. డ్రమ్ముకు పొగ పట్టించిన నల్లకాగితం చుట్టి ఉంటుంది. కుందేలు కొట్టుకున్నంతసేపూ నల్లకాగితం మీద తెల్లగీతలు పడతాయి. గీతలు ఆగిపోతే మూర్ఛ ఆగినట్టు. గాలికి మసి రాలకుండా డ్రమ్ము ముందు ఒక అడ్డుతెర పెట్టాం. నేను తెరకు ఇవతల డ్రమ్ము దగ్గర, అటెండరు తెరకు అవతల కుందేలు దగ్గర. నాకు గీతలు కనబడతాయి, కుందేలు కనబడదు.

మూడు వారాల్లో ఒక వింత బయటపడింది. మాత్ర తిన్న కుందేళ్ళకు మూర్ఛ త్వరగా ఆగిపోయింది, అది సరే. మాత్ర తినని కుందేళ్ళకు కూడా దాదాపు అంతే త్వరగా ఆగిపోయింది. పుస్తకాల్లో రాసిన దాంట్లో సగం కూడా రాలేదు.

డైరెక్టరు గీతల కాగితాలను కిటికీ వెలుగుకు పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి చూశాడు. "ఏవిటయ్యా ఇది! కర్నూలు కుందేలుకు మూర్ఛను తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉందన్నమాట!" అన్నాడు. ఆ సాయంత్రానికే సిద్ధాంతం తయారైంది. ఈ ఎండ, ఈ వేరుశనగ ఆకు మేత, ఈ సున్నపునీళ్ళు, ఇవన్నీ కలిసి కుందేలు మెదడును గట్టిపరిచాయి. వ్యాసం రాయడం మొదలుపెట్టాడు. నెల తర్వాత మద్రాసు నుంచి ఒక పేరున్న నరాల డాక్టరును పిలిపించి చూపిస్తానన్నాడు.

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. అనుమానాల పట్టిక రాశాను. గడియారం తప్పా? రెండు గడియారాలతో చూశాను, కాదు. మందు పాతబడిందా? కొత్త పెట్టె తెరిచాను, కాదు. దారం సాగుతోందా? మార్చాను. మేత, వేడి, గాలి, కుందేలు వయసు, మగదా ఆడదా, అరమీద చీటీ ఉన్నదా లేనిదా, అన్నీ చూశాను. చివరికి వారం పేరు కూడా ఒక గడిలో రాస్తే, అప్పుడు కనిపించింది. డైరెక్టరు తొందర కొద్దీ ఆదివారాలు కూడా ప్రయోగం చేయమన్నాడు, నేనొక్కణ్ణే చేశాను. ఆదివారం మాత్ర తినని ప్రతి కుందేలూ పుస్తకంలో రాసినంతసేపూ కొట్టుకుంది. సోమవారం నుంచి శనివారం వరకు మాత్రమే కర్నూలు కుందేళ్ళకు శక్తి ఉంది.

సోమవారం డ్రమ్ము తిరుగుతుండగా, గీతలు చూడడం మాని, తెర పక్కనుంచి తొంగి చూశాను.

మా అటెండరు మోకాళ్ళ మీద కూర్చుని, కొట్టుకుంటున్న కుందేలు ముందరికాళ్ళ మధ్య తాళంచెవుల గుత్తి పెట్టి, ఆ రెండు కాళ్ళనూ తన గుప్పిట్లో మూసి, గట్టిగా పట్టుకున్నాడు. "అయిపోతాది, అయిపోతాది, ఇంగ రొంత సేపే" అని చెవిలో చెప్తున్నాడు. దారం వదులైపోయి వేలాడుతోంది. డ్రమ్ము మీద గీతలు ఆగిపోయాయి. కుందేలు వెనకకాళ్ళు మాత్రం పుస్తకం ప్రకారం కొట్టుకుంటూనే ఉన్నాయి.

"ఏమప్పా, ఏం చేస్తాండావు?" అన్నాను.

ఆయన ఉలిక్కిపడలేదు. వేలు నోటిమీద పెట్టుకుని, "ఉండండి సార్, నిలిచిపోయే టయానికి బెదిరిస్తే ఎట్ల?" అన్నాడు.

కుందేలు తేరుకునేదాకా ఆగాను. తర్వాత తాళంచెవుల గుత్తి అడిగి తీసుకుని తూచాను. పదకొండు చెవులు, ఒక కడియం, ఒక ఇత్తడి శిలువ. ఆ బరువుకే మా పుల్ల లేవదు. పైన ఆయన పిడికిలి వేరే.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదట్నుంచి."

"మాత్ర తిన్నవాటికి కూడానా?"

"ఒకదానికి పెట్టి ఒకదానికి పెట్టకుండా ఎట్ల సార్? అన్నీ ఒకటే గదా."

"నీ పుణ్యమా అని మూడు వారాల రీడింగులు పోయినాయి, తెలుసునా?"

"రీడింగులు పోతే మళ్ళా వస్తాయి. అది పడే బాధ మీకు తెలీదు సార్, నాకు తెలుసు." కుందేలును ఎత్తి అరలో పెట్టి జాలీ మూశాడు. "అయినా మీరే చెప్పండి, తొందరగా తేరుకున్యాయా లేదా?"

దీనికి నా దగ్గర శాస్త్రీయమైన జవాబు ఉంది. చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "అట్లనా" అన్నాడు. నమ్మలేదని ఆ మాటలోనే తెలిసింది.

ఇప్పుడు నాకు చిక్కొచ్చి పడింది. ఆ రోజు నోటుబుక్కులో రెండు నిలువు వరసలు గీశాను. చెప్తే ఏమవుతుంది, చెప్పకపోతే ఏమవుతుంది. చెప్తే డైరెక్టరు మొదట అడిగేది "వాడెందుకు చేశాడు?" అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగానే అటెండరు ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే మద్రాసు డాక్టరు ముందు డైరెక్టరు పరువు పోతుంది. రెండు వరసలూ సరిసమానంగా వచ్చాయి. పట్టిక రాసి ఒక నిర్ణయానికి రాలేకపోవడం నాకు అదే మొదటిసారి.

మధ్యేమార్గం ఒకటి ఆలోచించాను. ప్రయోగాలన్నీ మళ్ళీ చేశాను. ఆ సమయంలో అటెండరును గడ్డికోసం పంపించేవాణ్ణి. కొత్త రీడింగులు పుస్తకంలో ఉన్నట్టే వచ్చాయి. కారణం చెప్పకుండా డైరెక్టరు బల్ల మీద పెట్టాను.

ఆయన చూసి నొచ్చుకున్నాడు. "ఇవి కర్నూలు కుందేళ్ళు కావయ్యా. ఎవడో బళ్ళారి కుందేళ్ళు అంటగట్టి ఉంటాడు."

"అవే కుందేళ్ళండి. నంబర్లు చూడండి."

"అయితే నీ పనిలో తేడా ఉంది. మొదట్లో బాగానే చేశావు, ఇప్పుడు శ్రద్ధ తగ్గింది" అని పాత కాగితాలను వ్యాసానికి జతచేశాడు.

మద్రాసు డాక్టరు వచ్చే రోజు రానే వచ్చింది. సన్నటి మనిషి, మెత్తటి మాట. ఆయనతో పాటు ఊళ్ళో డాక్టర్లు అయిదారుగురు. హెడ్ గుమాస్తా కాఫీ ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అటెండరు రెండు రోజులుగా గది కడగడం, అరలకు సున్నం వేయడం, జాలీలు తుడవడంతో కంటి మీద కునుకు లేకుండా ఉన్నాడు. నేను ఆయన్ను మామూలుగానే గడ్డికి పంపించేశాను. ఇవాళ ఒక్కరోజు కుందేలు దగ్గర ఉండకపోతే ఏ గొడవా ఉండదనుకున్నాను.

డైరెక్టరు పావుగంట ఉపన్యాసం చెప్పాడు. ఎండ గురించి, వేరుశనగ ఆకు గురించి, రాయలసీమ నీళ్ళ గురించి. తర్వాత మాత్ర తినని పన్నెండో నంబరు కుందేలును పెట్టెలో కూర్చోబెట్టి, తెర తీయించి, సూది వేశాడు. కుందేలు కొట్టుకోవడం మొదలుపెట్టింది. డైరెక్టరు చిరునవ్వుతో గడియారం పట్టుకుని, "ఇక ఆగిపోతుంది చూడండి" అన్నాడు.

ఆగలేదు.

"ఇప్పుడు ఆగుతుంది" అన్నాడు. పన్నెండో నంబరు కుందేలు మాత్రం మద్రాసు కుందేలు, లండను కుందేలు ఎంతసేపు కొట్టుకుంటాయో అంతసేపూ కొట్టుకుంది. చిరునవ్వు డైరెక్టరు ముఖం మీద ఎవరో మర్చిపోయి వెళ్ళిన గొడుగులా ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే వెనక గుమ్మంలోంచి అటెండరు గడ్డిమోపుతో వచ్చాడు. నేను వద్దని సైగ చేశాను. ఆయన నన్ను చూడలేదు, కుందేలును చూశాడు. మోపు కింద పడేసి నడుము దగ్గరికి చెయ్యి పోనిచ్చాడు. గుత్తి అక్కడ లేదు. పొద్దున తలుపు తీయడానికని నేనే తీసుకున్నాను. ఒక అడుగు ముందుకు వేసి, గడ్డిమీదే పడిపోయాడు. కాళ్ళూ చేతులూ బిగుసుకున్నాయి.

గదిలో ఏడుగురు డాక్టర్లున్నారు. వాళ్ళల్లో మా డైరెక్టరు, ఇంగ్లండులో రెండేళ్ళు చదివి, ఇరవై ఏళ్ళుగా మూర్ఛ మీద పనిచేస్తున్న మనిషి, గొంతు చించుకుని అరిచాడు:

"ఇనుము! తాళంచెవులు! ఎవరి దగ్గరైనా తాళంచెవులున్నాయా?"

నా జేబులోంచి గుత్తి ఆయనే లాక్కుని, గడ్డిలో కూర్చుని, అటెండరు చేతిలో పెట్టి, వేళ్ళు మూసి, రెండు చేతులతో పట్టుకున్నాడు. మద్రాసు డాక్టరు తొందరపడకుండా వచ్చి, అటెండరును ఒక పక్కకు తిప్పి, తలకింద గడ్డి సర్ది, చొక్కా గుండీ వదులుచేశాడు. తర్వాత డైరెక్టరు చేతుల వైపు చూశాడు.

"తాళంచెవులా?"

"ఏదో ఒకటి చెయ్యాలి కదండీ" అన్నాడు డైరెక్టరు, గుత్తి వదలకుండానే.

కొట్టుకోవడం ఆగింది. మద్రాసు డాక్టరు గడియారం చూసుకుని లేచాడు. "మీ కర్నూలులో మనుషులకు కూడా మూర్ఛ మామూలుగానే వస్తుందండీ" అన్నాడు.

అప్పుడిక దాచి ప్రయోజనం లేదనిపించింది. అందరూ కాఫీకి వరండాలోకి వెళ్ళాక, డైరెక్టరుకు తెర గురించీ, గుత్తి గురించీ, ఆదివారాల గురించీ వరసగా చెప్పాను. పట్టిక చూపించాను. ఆయన తాళంచెవుల గుత్తిని స్వయంగా తూచాడు. నేను రాసిన బరువే వచ్చింది. వ్యాసం కాగితాలు తీసి, మడిచి, బల్ల సొరుగులో పెట్టాడు. "వాడికి ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అని మాత్రం అడిగాడు.

"పదేళ్ళ వయసు నుంచి అండి."

"నీకు తెలుసా?"

"తెలుసండి."

"నా బల్లకు మూడు గజాల దూరంలో!" అన్నాడు. కోపం ఎవరి మీదో నాకు తెలియలేదు. అక్కడే కాగితం తీసుకుని మాత్రలు రాశాడు, రోజుకు రెండు.

ఆ సాయంత్రానికి హెడ్ గుమాస్తా కొత్త ఫైలు తెరిచాడు. అట్ట మీద అటెండరు పేరు, కింద "మూర్ఛ", దాని కింద "అత్యవసరం". ఆయన ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. "నాకు ఎవరి మీదా ద్వేషం లేదబ్బా. రూలుండాది. రూలుంటే ఫైలుండాల" అన్నాడు.

రెండు నెలల పది రోజుల తర్వాత బోర్డు పిలిచింది. ఆ రోజులన్నీ నేను పట్టిక రాశాను. ప్రతి మాత్ర, ప్రతి గంట, మూర్ఛ గడిలో ప్రతిరోజూ సున్న. పెద్దాసుపత్రికి వెళ్ళే దారిలో ఆయనతో, "అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పప్పా. ఎక్కువ చెప్పొద్దు" అన్నాను.

"అడిగితే అంతా చెప్తా సార్. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, చెప్పలేదు. అడిగినాంక అబద్ధం చెప్తే ఆదివారం ఏ మొగం పెట్టుకోని పోవల్ల?"

బోర్డులో ముగ్గురు డాక్టర్లు. మధ్యలో కూర్చున్న పెద్ద డాక్టరు అడిగాడు: "మూర్ఛ ఎప్పుడెప్పుడు వచ్చింది?"

మా అటెండరు మొదలుపెట్టాడు. పదేళ్ళప్పుడు ఎద్దుల వెనక. పన్నెండేళ్ళప్పుడు బాయి గట్టున. పాదిరి గారు ప్రసంగం చెప్తుండగా, "అది నిద్ర అనుకున్యారు సార్, గట్టిగా గిల్లినారు." పెండ్లిలో, ఉంగరం తొడిగిన తర్వాత, "రొంత ముందొచ్చింటే మా యామె తప్పిచ్చుకునేది." వీటిలో ఒక్కటీ నా పట్టికలో లేదు. పెద్ద డాక్టరు కలం పక్కన పెట్టేశాడు. ఎడమ పక్కాయన నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

"ఇన్నిసార్లు వచ్చినవాణ్ణి సర్కారు ఉద్యోగంలో ఎలా పెట్టుకోమంటావయ్యా?" అన్నాడు పెద్ద డాక్టరు, జాలిగానే.

మా అటెండరు తల వంచుకున్నాడు. నేను రెండు నెలల పది రోజుల సున్నాల పట్టిక ముందుకు జరిపాను. అప్పటిదాకా వెనక బెంచీ మీద కూర్చున్న మా డైరెక్టరు లేచాడు.

"మూర్ఛ వచ్చే కుందేళ్ళు నా దగ్గర పన్నెండున్నాయి. వాటికి సర్కారే మేత వేస్తోంది. మాత్ర వేసుకుంటే మూర్ఛ రాని మనిషి ఒక్కడున్నాడు. వాణ్ణి పొమ్మంటే, ఇక మనం ఈ మందులు ఎవరి కోసం వెతుకుతున్నట్టు?"

బోర్డువాళ్ళు మమ్మల్ని బయట కూర్చోమన్నారు. గంటసేపు కూర్చున్నాం. అటెండరు పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన అనుకుంటాను. నేను పైకప్పు పెంకులు లెక్కపెట్టాను.

ఉద్యోగం ఇచ్చారు. పర్మనెంటుగానే. ఆ కబురు విని ఆయన ఏడ్చాడు, హెడ్ గుమాస్తా ఫైలు మూయవలసి వస్తుందేమోనని కంగారుపడ్డాడు. అయితే ఆర్డరులో షరతులున్నాయి కాబట్టి ఫైలు మూయనక్కర్లేదని తేలాక ఆయన కూడా సంతోషించాడు. షరతులు మూడు. నిప్పు దగ్గర, బావి దగ్గర ఒంటరిగా ఉండకూడదు. మాత్రలు రోజూ ఒక బాధ్యత గల ఉద్యోగి ఎదుట వేసుకోవాలి. మెట్లు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు సదరు ఉద్యోగి తోడు ఉండాలి. సదరు ఉద్యోగి ఎవరని హెడ్ గుమాస్తా ఎవర్నీ అడగలేదు. నా హోదా టైపు చేసి తెచ్చాడు.

కుందేళ్ళ ఎండుగడ్డి మేడమీద ఉంటుంది. ఇరవై రెండు మెట్లు. రోజుకు నాలుగుసార్లు గడ్డి కావాలి. మొదటి రోజు మేము గడ్డి దించుతుండగా, నేను ఆయన వెనక నడవబోయాను. ఆయన మోపు నెత్తిన పెట్టుకుని, పై మెట్టు మీదే ఆగిపోయాడు.

"మీరు ముందు పోండి సార్."

"ఎందుకప్పా? వెనకుంటే పట్టుకోవచ్చు గదా."

"యాడ పట్టుకుంటారు సార్, మీరు మెట్లు లెక్క పెడతాంటారు. ముందుంటే నేను పడినా మెత్తగా మీ మీద పడతా. ఆర్డరులో బాధ్యత మీదే గదా ఉండాది."